ఇడ్లీ తట్టలో తుపాకి

శ్రావణం మొదలైన వారానికి మా మామగారు పోయారు. మధ్యాహ్నం రాగిముద్ద తిని, కాసేపు నడుం వాలుస్తానన్న మనిషి మళ్లీ లేవలేదు. ఆయన్ను పడుకోబెట్టడానికి పడసాలలో చోటు కావాలన్నారు. అక్కడ చాప మీద పాత తెల్ల పంచె పరిచి ఉంది. పంచె మీద ఆయన జంట గొట్టాల తుపాకి విప్పిన ముక్కలుగా ఉంది. వచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోవడానికి జంకి నిలబడిపోయారు. నేనే ఒక్కో ముక్కనూ ఎత్తి, వరస చెడకుండా లోపలి గదిలో పెట్టి వచ్చాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

ఆయన ఊరిగాంలో బంగారు గని వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. గనులు మూతపడ్డాక మాస్తి దగ్గర సొంతూరికి వచ్చి రాగి, వేరుశనగ వేసుకున్నారు, కాసిని మామిడి చెట్లు పెంచారు. మా వైపు తుపాకిని కోవి అంటారు. ఆ కోవి వాళ్ల నాన్నది. పంట కాపలాకని లైసెన్సు ఉండేది. అడవిపందులు దిగితే ఆకాశంలోకి ఒకటి పేల్చి ఇంటికి వచ్చేవారు. ఆయన వేట సంగతి ఎవరైనా అడిగితే మా అత్త లోపలి నుంచే జవాబిచ్చేది, ఆ కోవికి ఇన్నేళ్లలో చచ్చింది ఒకే ఒక టెంకాయ అని. ఆయనా నవ్వేవారు.

నేను కోలారు పక్కన తమకలో పెరిగిన దాన్ని. పెళ్లై వచ్చిన కొత్తలో అది వేలాడే గోడవైపు చూడాలంటేనే గుండె దడ. ఎన్నికలొస్తే ఊళ్లో కోవులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించి, అయిపోయాక తెచ్చుకోవాలి. తెచ్చుకున్న రోజు ఆయన పంచె పరిచి దాన్ని విప్పడానికి కూర్చునేవారు. అక్కడ దానికేమైందని విప్పుతున్నారని అడిగితే, పుట్టింటికి పోయొచ్చినోళ్లు బాగుండారా లేదా చూసుకోవద్దా అని నన్ను ఆటపట్టించేవారు.

విప్పడంలో ఆయనకొక పద్ధతి. అత్త పాత ఇడ్లీ తట్ట ఒకటి సొంతం చేసుకున్నారు. మొదట తీసిన స్క్రూ మొదటి గుంటలో, తర్వాతది దాని పక్క గుంటలో, అలా చుట్టూ. నాకైతే అన్నీ ఒక్కలాగే కనిపించేవి. ఒకదాని చోట ఇంకొకటి పోదనేవారు, పోయినా నిలబడదనేవారు. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. ఇంకో నియమం, గొట్టాలు ఊడదీసి పక్కన పెట్టినా వాటి నోరు గోడవైపే ఉండాలి. ఒకసారి నేను ఊడుస్తూ వాటిని కాస్త జరిపాను. ఆయన కోప్పడలేదు, మెల్లగా తిప్పి పెట్టి అన్నారు:

"ముక్కలైనా అది కోవే అమ్మణ్ణీ. మనిషి పక్క తిప్పొద్దు."

కత్తిపీట వాల్చి పెట్టేటప్పుడు కూడా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

గొట్టాల వెనక చిన్న సుత్తుల్లాంటివి రెండు ఉంటాయి. వాటిని గుర్రాలంటారు. బిగించడం అయ్యాక, పనస కట్టెతో తానే చెక్కిన రెండు ఉత్తుత్తి తూటాలు గొట్టాల్లో పెట్టి, గుర్రాలను లేపి ఒక్కోదాన్నీ వదిలేవారు. ఖాళీ గొట్టం మీద కొట్టిస్తే లోపలి సూది విరుగుతుందట. టక్. మళ్లీ టక్. ఆ రెండో చప్పుడు విన్నాకే మా అత్త కాఫీ కలిపేది.

ఆయుధ పూజ రోజు మాత్రం ఆయనకూ అత్తకూ పేచీ. కుంకుమబొట్టు కట్టె మీదే తప్ప ఇనుము మీద పెట్టనిచ్చేవారు కాదు. నిమ్మకాయను పక్కన పెట్టాలి గాని కోయకూడదు. కోయని నిమ్మకాయతో దిష్టి ఏం పోతుందని అత్త ఏటా సణిగేది. పోయిన ఏడాది దసరాకు ఆయన గుండె జబ్బుతో తమకలో ఆసుపత్రిలో ఉన్నారు. నేను ఆయన దగ్గర ఉన్నాను. ఇంట్లో పూజ అత్తే చేసింది. కొడవళ్లకు, మోటారు స్టార్టరుకు, మందు కొట్టే డబ్బాకు అన్నిటికీ బొట్లు పెట్టి, మనిషి క్షేమంగా ఇంటికి రావాలని మొక్కుకుని, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది కోవి మీద పిండేసింది.

ఆయన ఇంటికి వచ్చారు. అంతలో ఎన్నికలని కోవి స్టేషనుకు పోయింది. ఒంట్లో బాగోలేక దాన్ని తెచ్చుకోవడం ఆలస్యమైంది. తెచ్చాక చూస్తే ఎడమ గుర్రం లేవలేదు. తన వేళ్లు వణుకుతున్నాయని స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని చెబుతూ నాతోనే విప్పించారు. లోపల తుప్పు, తుప్పులో కుంకుమ. ఆయన దాన్ని వేలితో తీసి చూసి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నిమ్మరసం. మీ అత్తకి చెప్పొద్దు. ఆ నిమ్మకాయ వల్లనే నేను ఇంటికి వచ్చినానని ఆమె నమ్మకం. వచ్చినాను కదా."

అత్త వచ్చి ఏమైందని అడిగితే, స్ప్రింగుకు వయసైపోయిందని చెప్పారు.

ఆ తర్వాత మా ఇద్దరికీ అదే పని. వంటయ్యాక కాసేపు నేను కుట్టుమిషను నూనెతో తుప్పు రుద్దేదాన్ని, ఆయన గోడకు ఆనుకుని చూసేవారు. అలసిపోతే అక్కడికి ఆపేవాళ్లం. మామగారు తండ్రి లాంటివారని రాయడం మామూలే. నాకు తండ్రి ఉన్నారు. ఈయన నా చేతుల మీద నాకు నమ్మకం కలిగించిన మనిషి. అలాంటివారు నాకు ఇంకెవరూ లేరు.

మా ఆయనకు కోవి మీద మనసు లేదు. తన తర్వాత అది స్టేషనుకే పోతుందని మామగారికి తెలుసు. ఒకరోజు గొట్టాలు తుడుస్తూ అన్నారు:

"మా నాయన నా చేతికిచ్చిన పొద్దు రెండు గుర్రాలూ లేస్తా ఉండె. నా ఇంట్లోనించి పోయేటప్పుడూ లేయాల."

తుప్పంతా వదిలింది. రేపు బిగిద్దామన్నారు. ఆ రేపు ఆయనకు రాలేదు.

కర్మలన్నీ అయ్యాక మా ఆయన కోవి అప్పగించడానికి బయల్దేరారు. ముక్కలు గోనెసంచిలో వేసి ఇచ్చేద్దాం, వాళ్లేమైనా పేల్చి చూస్తారా అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. అయినా నేను ఒక పూట ఆగమన్నాను. పడసాలలో పంచె పరిచి, ఇడ్లీ తట్ట ముందు పెట్టుకుని, చివరి గుంట నుంచి మొదలుపెట్టాను. సగంలో ఒక స్క్రూ ఎంతకీ కూర్చోలేదు. బలం పెట్టబోయాను. బెదిరిస్తే పలకదని ఆయన అనేవారు. తీసి చూస్తే, నేను పక్క గుంటలోది తీసుకున్నాను. దాని చోటుదాన్ని పెడితే రెండు తిప్పులకే ఒదిగింది.

అత్త ఎప్పుడొచ్చిందో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టె తూటాలు పెట్టి కుడి గుర్రాన్ని లేపి వదిలాను. టక్. ఎడమదాని మీద వేలు పెట్టాను. మెల్లగా లేపాను. లేచి నిలబడింది. వదిలాను. టక్.

అత్త లేచి లోపలికి పోయి కాఫీ కలిపింది.

మొన్న ఆయుధ పూజకు పీట మీద కోవి లేదు. దాని చోట అత్త ఇడ్లీ తట్ట పెట్టి, అందులో ఆ రెండు కట్టె తూటాలు పెట్టింది. వాటికి బొట్లు పెట్టి నిమ్మకాయ చేతిలోకి తీసుకుంది. నేను కత్తి అందించబోయాను.

"వద్దమ్మణ్ణీ. స్ప్రింగుకు వయసైపోయిందని మీ మామ చెప్పినాడే, ఆ పొద్దే నాకు తెలిసిపాయ. నేను బాధపడతానని అట్ల చెప్పినాడు. నేనూ తెలీనట్టే ఉండిపోయినాను."

నిమ్మకాయను కోయకుండా తట్ట పక్కన పెట్టి, కర్పూరం వెలిగించింది. నేను దణ్ణం పెట్టుకుని కళ్లు తెరిచాక చూశాను. తట్టలోని తూటాల మొనలు రెండూ ఆమె గోడవైపే తిప్పి పెట్టింది.