ఉలిస్ తెడ్డు, అల్సీడ్ తలుపు

లాక్‌పోర్ట్ వంతెన పక్కన పడవ సామాన్ల కొట్టులో, పొద్దున్నే కాఫీ కప్పు చేత పట్టుకుని తేమ గురించి ఉపన్యాసం ఇస్తూ ఎవరైనా కనబడితే ఆయన ఉలిస్ శెరమీ అయి ఉంటాడు. ముప్పై ఏళ్ళు మురుగు కాలువల ఆఫీసులో కాగితాలు చూశాడు. ఆ ముప్పై ఏళ్ళలో పార పట్టుకోలేదు. రిటైరయ్యాక మాత్రం పార ఎలా పట్టుకోవాలో ఊరందరికీ చెబుతున్నాడు. పైకప్పు ఎలా వేయాలో కప్పు వేసేవాళ్ళకి, వల ఎలా అల్లాలో రొయ్యల పడవలవాళ్ళకి చెబుతాడు. వాళ్ళు వింటారు. వినకపోతే కొట్టులోంచి బయటికి పోనివ్వడు.

ఆయన ఉండే ఇల్లు మామగారు అల్సీడ్ టెర్రబోన్ కట్టింది. అల్సీడ్ పడవలు చేసేవాడు. ఇంటి గ్యారేజీ తలుపు కూడా పడవ చేసినట్టే చేశాడు. పూర్వం నరికిన సైప్రస్ దుంగలు, నీళ్ళలో నానినా కుళ్ళని రకం, కొన్ని బయూ అడుగున, అంటే మా ఊరి నిదానపు వాగు అడుగున, బురదలో పడి ఉండేవి. వాటిని గొలుసులు వేసి లాగి, ఆరబెట్టి, కోసి, రాగి మేకులతో బిగించాడు. పలకలన్నీ కలిసి తలుపంతా మడత లేని ఒకటే ముక్క. అడుగు అంచు పట్టుకుని ఎత్తితే ఆ అంచు ముందుకొచ్చి, తలుపు మొత్తం అడ్డంగా పైకి లేచి, వాకిట్లోకి చూరులా నిలబడుతుంది.

మా వైపు గోడకి ఆనించిన కుర్చీ కూడా వేసవిలో బూజు పడుతుంది. అలాంటి చోట ఆ తలుపు నలభై ఏళ్ళు గట్టిగా నిలబడిందంటే కారణం అల్సీడ్ ఏడాదికోసారి చేసే పని. నవంబరు మొదట్లో వచ్చే సకల పునీతుల పండుగకి ముందు వారం మొదటి ఉత్తరపు గాలి వీస్తుంది. ఏడాదిలో గాలి పొడిగా ఉండేది ఆ కొన్ని రోజులే. కూతురు ఓడిల్‌ని, ఇప్పటి ఉలిస్ భార్యని, వెంటబెట్టుకుని పండుగ కోసం ఇంటి పెద్దల సమాధులకి సున్నం వేసి వచ్చి, అదే సాయంత్రం తలుపుకి అవిసె నూనె పట్టించేవాడు. బయటి వైపు, లోపలి వైపు, ఆఖరున నేలమీద వెల్లకిలా పడుకుని అడుగు అంచుకి. మూసినప్పుడు తలుపుకీ సిమెంటుకీ మధ్య వేలి మందం సందు ఉండేది, తడి నేల చెక్కకి తగలకుండా.

అల్సీడ్ పోయాక తలుపు ఉలిస్ చేతికొచ్చింది. నూనె పాతకాలం పద్ధతి అన్నాడు. ఇరవై ఏళ్ళ గ్యారంటీ ఉన్న రబ్బరు లాంటి ఎర్ర రంగు తెచ్చి బయటి వైపు దట్టంగా పూశాడు. లోపలి వైపు ఎవరు చూస్తారని వదిలేశాడు. సందు కనబడుతోందని అడుగున రబ్బరు పట్టీ కొట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఈస్టరుకి ముందు తపస్సు కాలంలో శుక్రవారాలు మాంసం తినం కాబట్టి మా ఇళ్ళన్నిటిలోనూ పెద్ద రొయ్యల్లాంటి క్రాఫిష్ ఉడకబెడతారు. వాన పడుతుందని ఉలిస్ తన గ్యాస్ పొయ్యిని తలుపు చూరు కిందికి చేర్చాడు. తొట్టంత గిన్నె, అందులో ఉప్పూ కారం, పైన ఎత్తిన తలుపు. ఉప్పు ఆవిరంతా రంగు లేని లోపలి చెక్కలోకి పోతుంది. ఎర్ర రంగు అవతలి నుంచి దాన్ని బయటికి రానివ్వదు. ప్రతి వసంతంలో ఏడు శుక్రవారాలు ఆయన మామగారి తలుపుని ఆవిరి మీద ఉడికించాడు.

గుడ్ ఫ్రైడే ముందు మంగళవారం ఓడిల్ నాకు ఫోన్ చేసింది. నేను తలుపులు బాగు చేస్తాను.

"ఫెర్నాన్, సోమవారం ఇనప తలుపువాళ్ళు వస్తున్నారు. ఉలిస్ పిలిపించాడు. నాన్న తలుపు చెత్త లారీలో పోతుంది. ఒక్కసారి వచ్చి చూడు. పనికిరాదని నువ్వంటే నేనింక నోరెత్తను."

చేతిలో పని గురువారానికి గానీ తెమల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. వాన పడుతోంది. చుట్టాలు గ్యారేజీ లోపల బల్లల మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నారు. చూరు కింద గిన్నె మరుగుతోంది. ఉలిస్ పొడుగాటి చెక్క తెడ్డుతో కలుపుతూ మాట్లాడుతున్నాడు.

"రా ఫెర్నాన్. ఆలస్యంగా వచ్చావు. సంగతి నేను తేల్చేశాను."

"ఏం తేల్చావు?"

"ఈ తేమకి చెక్క ఆగదు. మామగారి రోజుల్లో ఇంత తేమ లేదు."

"అప్పుడు బయూ ఎండిపోయి ఉండేదేమో," అన్నాను. ఓడిల్ మేనత్త ఒకావిడ నవ్వి, క్రాఫిష్ తల విరిచి చీకింది.

పొయ్యి ఆర్పించి, గిన్నె పక్కకి జరిపించి, నిచ్చెన వేసుకున్నాను. లోపలి వైపు నల్లగా బూజు. దాని మీద సన్నగా మెరుస్తున్న ఉప్పు. స్ప్రింగులు ముట్టుకుంటే తుప్పు రేకులుగా రాలుతోంది.

"స్ప్రింగులకి వారం వారం నూనె కొడుతున్నా. ఇదిగో డబ్బా," అన్నాడు ఉలిస్.

అది పట్టుకుపోయిన తాళాలు విడిపించడానికి కొట్టే పల్చటి నూనె. ఆవిరిలో ఒక పూట కూడా నిలవదు. ఆ మాట అంటే దాని మీద కూడా ఉపన్యాసం వినాలి. అందుకని అనలేదు.

స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో పలకనీ పొడిచి చూశాను. బూజు కింద చెక్క గట్టిగా ఉంది. మొన వెంట్రుక వాసి కూడా దిగలేదు. ఇన్నేళ్ళ ఉలిస్‌ని తట్టుకుందంటే అల్సీడ్ ఎలాంటి చెక్క ఏరాడో చూడండి. ఆఖరున తలుపు కింది అంచున ఉండే అడుగు పట్టె దగ్గరికి వచ్చాను. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది, గిన్నెలోని ఆలుగడ్డలోకి దిగినట్టు.

"చూశావా? నేను చెప్పలే?" అన్నాడు ఉలిస్ చుట్టాల వైపు తిరిగి.

ఓడిల్ తల దించుకుంది.

ఒకే తలుపులో, ఒకే రకం దుంగల నుంచి వచ్చిన చెక్కల్లో ఒక్కటే ఇంతగా కుళ్ళడం నాకు నచ్చలేదు. నిచ్చెన ముందుకి జరిపి, కత్తి తీసి ఆ పట్టె బయటి వైపు ఎర్ర రంగు గీకడం మొదలుపెట్టాను.

"రంగు గీకకు. గ్యారంటీ పోతుంది," అన్నాడు ఉలిస్.

"సోమవారం లారీ ఎక్కే తలుపుకి గ్యారంటీ ఎందుకు?"

"ఊరికే చెక్క పాడుచేస్తావేంటి అని."

ఆ మాటకి బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. ఉలిస్ నవ్వలేదు. రంగు కింద లప్పం వచ్చింది. లప్పం కింద ఇనప స్క్రూల తలలు. వాటి చుట్టూ చేవ లేని తెల్లటి చెక్క, దుకాణంలో అమ్మే రకం. అల్సీడ్ జన్మలో ఇనప స్క్రూ ముట్టుకోలేదు.

"ఓడిల్, ఈ పట్టె మీ నాన్న వేసింది కాదు," అన్నాను.

ఓడిల్ ఉలిస్ వైపు తిరిగింది.

"షా..." అన్నాడు ఉలిస్. మా ఫ్రెంచిలో అది 'బంగారం' అని ముద్దుగా పిలవడం.

"నువ్వు షా అన్నావంటే ఏదో విరగ్గొట్టావనే," అంది ఓడిల్. "ఏం చేశావో చెప్పు."

చెప్పాడు. ఆరేళ్ళ కింద ఆవిడ చెల్లెలింటికి హూమా వెళ్ళినప్పుడు, సగం ఎత్తిన తలుపు కిందికి పడవ ట్రెయిలర్ వెనక్కి తోలాడు. పట్టె ఒక మూల చీలింది. ఆవిడ వచ్చేలోపు పట్టె మొత్తం పీకేసి దుకాణం చెక్క బిగించి, అతుకు కనబడకుండా రంగు పూశాడు. ఆ ఎర్ర రంగు తేమ కోసం కాదన్నమాట. రంగు గురించి కొట్టులో ఆయన చెప్పిన ఉపన్యాసాలన్నీ ఈ మూల మీద పూసిన లప్పమే. కొత్త పట్టె కుళ్ళడం మొదలయ్యాక, ఎవరైనా గీకి చూసేలోపు ఇనప తలుపు కావాలన్నాడు.

"మూల చీలితే మూల అతికితే సరిపోయేది. పాత పట్టె ఏది?" అని అడిగాను.

ఉలిస్ గిన్నె వైపు తిరిగాడు. మంట లేని గిన్నెని కలుపుతున్నాడు.

ఆ తెడ్డు గురించి ఆరేళ్ళుగా వింటున్నాం. వందేళ్ళ సైప్రస్ అనీ, బయూ అడుగు నుంచి వచ్చిందనీ, ఇలాంటిది జిల్లాలో లేదనీ. ఎక్కడ కొన్నావంటే నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు దాన్ని నిచ్చెన మీది నుంచి చూశాను. పిడి దగ్గర రెండు బెజ్జాలు, నాలుగు వేళ్ళ ఎడం. చుట్టూ ఆకుపచ్చగా చిలుము మరక. నా తల పక్కనున్న పలకలో రాగి మేకులూ నాలుగు వేళ్ళ ఎడమే.

నేను నోరు విప్పనవసరం లేకపోయింది. నేను ఎటు చూస్తున్నానో ఓడిల్ చూసింది. దగ్గరికెళ్ళి ఆ బెజ్జాల మీద నాలుగు వేళ్ళు ఆనించింది. తర్వాత తెడ్డు ఆయన చేతిలోంచి లాక్కుంది. ఎర్రటి నీళ్ళు ఆవిడ చెప్పుల మీద కారాయి.

"ఆరేళ్ళుగా మా నాన్న తలుపుతో నాకు వండి పెడుతున్నావు."

"మంచి చెక్క, పారేయడం ఎందుకని..."

"మిగతాది?"

"పడవ కింద, దిమ్మగా."

వానలో వెళ్ళి చూశాను. అయిదు అడుగుల ముక్క, బురదలో ఆరేళ్ళు. కడిగితే లోపల తేనె రంగు. తెడ్డు కూడా అంతే. ఉప్పు నీళ్ళలో ఆరు వసంతాలు ఉడికింది, గోటితో నొక్కితే గుర్తు పడలేదు.

ఓడిల్ అక్కడే నిలబడి ఇనప తలుపువాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ఫోన్ పెట్టేసి ఉలిస్‌తో, "గిన్నె పెరట్లోకి తీసుకుపో," అంది.

"వాన పడుతోంది."

"కనబడుతోంది."

ఆ రోజు రెండో వాయి క్రాఫిష్ ఆయన పెరట్లో గొడుగు కింద ఉడకబెట్టాడు, మేనత్త కారులోంచి తెచ్చిచ్చిన అల్యూమినియం తెడ్డుతో. తడుస్తూనే, ఆవిరికీ చెక్కకీ ఎందుకు పడదో గొడుగు పట్టుకున్న చుట్టానికి వివరించాడు.

తలుపు మా షెడ్డుకి తీసుకొచ్చాను. ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, ఎర్ర రంగంతా గీకి, వేసవంతా ఫ్యాన్ల కింద ఆరబెట్టాను. పాత పట్టె ముక్కకి, నా దగ్గరున్న పాత నీళ్ళతొట్టి సైప్రస్ ముక్క ఏటవాలుగా అతికి రాగి మేకులు కొట్టాను. రబ్బరు పట్టీ పీకేశాను. స్ప్రింగులు జింకు పూత పూసినవి వేసి గ్రీజు పెట్టాను. తెడ్డు కూడా తలుపులోకే పోవాలంది ఓడిల్. పట్టెకి చాలదు కాబట్టి దాన్ని కోసి తలుపు ఎత్తే పిడి చేశాను. ఇప్పుడు ఉలిస్ కారు తీయాలన్నా పెట్టాలన్నా దాన్నే పట్టుకోవాలి.

ఉత్తరపు గాలి వచ్చిన వారం తలుపు బిగించాను. సమాధులకి సున్నం వేసొచ్చిన ఓడిల్, చేతులకి తెల్ల మరకలతోనే అట్టపెట్టె పరిచి, తలుపు సగం ఎత్తించి, అడుగు అంచు కింద వెల్లకిలా పడుకుని నూనె పట్టించింది. ఉలిస్ కాఫీ కప్పుతో పక్కన నిలబడ్డాడు. అడుగు అంచుకి నూనె ఎందుకు ముఖ్యమో కొట్టులో ఆ వారమంతా ఆయనే చెబుతున్నాడు.

"ఎడమ మూల వదిలేశావు, షా."

"ఇప్పుడేం విరగ్గొట్టావు?" అంది ఓడిల్ కింద నుంచి.