దొరకని ముల్లు

రుద్రూర్‌కు ఇవతల, నిజాంసాగర్ కాలువ పారే ఒక ఊళ్లో ఈరవ్వకు మనుషులు మొహాల కంటే అరికాళ్లతోనే ఎక్కువ గుర్తు. ఎవరి మడమ ఎక్కడ పగిలిందో, ఎవరి బొటనవేలి కింద కాయ కాసిందో కళ్లు మూసుకుని చెప్పేది. దసరా పోయిందంటే బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు కోతలు. కొట్టిన చెరుకు మొదళ్లు కత్తిమొనల్లా నిలబడి ఉండేవి. గట్ల మీద తుమ్మముళ్లు సరేసరి. చెప్పులున్నవాళ్లు కూడా గట్టు మీద విడిచే చేలోకి దిగేవాళ్లు. పొద్దుగూకే వేళకు ఈరవ్వ ఇంటి ముందటి బండ మీద ముగ్గురో నలుగురో కాళ్లు పట్టుకుని కూర్చునేవారు.

ఆమె దగ్గర ఉన్నది ఒక సూది, ముల్లు పట్టి లాగే ఒక ఇనుప చిమ్టా, ముంతలో గోరువెచ్చని నీళ్లు. కాలు కడిగి, బొటనవేలితో నొక్కుకుంటూ పోయేది. ముల్లున్న చోట నొక్కగానే మనిషి కాలు గుంజుకుంటాడు. అక్కడ సూది మొన పెట్టి తోలు విప్పితే ముల్లు తల కనబడేది. దొరకకపోతే బెల్లం, సున్నం నూరి పట్టి వేసి మూడోనాడు రమ్మనేది. మూడోనాడు దొరికేది. ఇరవై ఏళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె ఇంట్లో ఒక తినే నోరు, అంతే. నలభై దాటేసరికి ఊరికి కావలసిన మనిషి. "ఈరవ్వకు దొరకని ముల్లు ఇంక తుమ్మచెట్టుకు గాయలేదు" అనేవాళ్లు. ఆ మాట విననట్టే ఉండేది గానీ, ఆమెకు అది తీపి.

1961 చలికాలంలో ఆమె తమ్ముడు సిద్దిరాములు ఆ బండ మీద కూర్చుని ఎడమకాలు చాపాడు. పక్క ఇల్లే అతనిది. చెరుకు బండి తోలేవాడు.

"అక్కా, మడిమెల ఏదో ఉన్నట్టున్నది. ముల్లు గాదు, మచ్చ అంటది గంగమణి."

"గంగమణికి ముండ్ల సంగతి ఎప్పటిసంది ఎరుక?"

అతని భార్య గంగమణి తన గడపలోంచే జవాబిచ్చింది. "నాకేం ఎరుక వదినె. మీ తమ్మునికి వండిపెట్టుడొక్కటే ఎరుక."

మడమ మీద కందిగింజంత నల్లటి చుక్క. ఈరవ్వ నొక్కింది. సిద్దిరాములు కాలు గుంజుకోలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"నొస్తుందారా?"

"లేదే."

అక్కడ ఆమె చెయ్యి ఆగింది. నొప్పి లేని ముల్లును ఆమె అంతవరకు చూడలేదు. కానీ బండ మీద ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు. "పాత ముల్లు. ఇరిగి లోపల గూసున్నది. జర మెత్తవడనియ్యి," అని పట్టి వేసింది.

మూడోనాడు దొరకలేదు. ఆ ఏడాదిలో ఆరేడుసార్లు తవ్వింది. ప్రతిసారీ రక్తం వచ్చింది, ముల్లు రాలేదు. చుక్క మాత్రం పెరిగింది. ఒక అంచు గుండ్రంగానే ఉంది, రెండో అంచు కాగితం మీద సిరా ఒలికినట్టు అడ్డదిడ్డంగా పాకింది. నడుమ నలుపు, ఒక పక్కన నేరేడుపండు తోలు రంగు. ఇది ముల్లు కాదేమోనన్న అనుమానం ఆమెకు లేకపోలేదు. కానీ ముల్లేనని నలుగురి ముందు అన్న మాట ఒకటి అడ్డం ఉంది.

మరుసటి చలికాలం నిజామాబాద్ నుంచి మార్కండేయ వచ్చాడు. పెద్దరోగం, అంటే కుష్ఠు, సర్వే చేసే ఉద్యోగి. ఏటా ఒకసారి వచ్చి, అంగీలు విప్పించి, వీపులు, చేతులు చూసేవాడు. మచ్చ కనబడితే దాని మీద ఈకతో రాసి, గుండుసూదితో పొడిచి, తెలుస్తుందా అని అడిగేవాడు. తెలియలేదంటే పెద్దరోగమే. అతని నోటి వెంట "లేదు" అనే మాట వచ్చేదాకా ఊరు ఊపిరి బిగబట్టేది. పెండ్లిళ్లు ఆగిపోవడానికి, బావి దగ్గర కడవ పక్కకు జరపడానికి ఆ ఒక్క మాట చాలు.

సిద్దిరాములు ఎడమకాలు ఎత్తెత్తి వేస్తూ నడుస్తున్నాడని మార్కండేయ కనిపెట్టాడు. బండ మీద కూర్చోబెట్టి మడమ చూశాడు. చుట్టూ జనం మూగారు. సూదితో పొడిచాడు.

"తెలుస్తుందా?"

"మంచిగ తెలుస్తుంది సారు. మా అక్క పొడుసుడు ముందట మీ సూది దోమ కుట్టినట్టే."

అందరూ నవ్వారు. మార్కండేయ నవ్వలేదు. కాలును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. "ఇది పెద్దరోగం కాదు," అన్నాడు. ఒక్కసారిగా సందడి లేచింది. "సల్లటి మాట జెప్పినవ్ సారూ," అన్నారెవరో. ఆ సందట్లోనే అతను ఇంకో మాట అన్నాడు. "కానీ ముల్లు గుడ కాదు. ఏందో నాకు తెల్వది. నిజామాబాద్ దవాఖానల సూపియ్యుండ్రి. లేటు చెయ్యకుండ్రి."

మొదటి మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. రెండో మాట ఆ బండ దగ్గరే ఉండిపోయింది. ఈరవ్వకు అది స్పష్టంగా వినబడింది. చిమ్టా చేత పట్టుకుని రెండు బారల దూరంలో నిలబడి ఉంది. గడప దగ్గర గంగమణి జొన్నలు చెరుగుతోంది. సిద్దిరాములు దులుపుకుని లేచి ఎడ్లకు కుడితి పెట్టడానికి పోయాడు.

దవాఖానలో ముల్లు తీస్తే తన పేరు పోతుంది. ముల్లు కాదంటే, ఏడాదిగా తను తవ్వింది ఏమిటి? రెండు దారులూ ఈరవ్వకు మింగుడు పడలేదు. కోతలు అయినంక తనే చెప్దాం అనుకుంది. కోతలు అయిపోయాయి, ఆమె చెప్పలేదు.

1963 వానాకాలంలో మచ్చ పుండయింది. సిద్దిరాములు గుడ్డ కట్టుకుని బండి మీదే తిరిగాడు. మరుసటేడు హోలీ నాటికి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ తేలింది. అప్పుడు ముగ్గురూ బయల్దేరారు, బోధన్ దాకా బండి, అక్కడి నుంచి నిజామాబాద్‌కు బస్సు. డాక్టరు పుండులోంచి చిన్న ముక్క కోసి పట్నానికి పరీక్షకు పంపించాడు. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. సిద్దిరాములును మంచం మీదే ఉంచి, ఇద్దరు ఆడవాళ్లను బయటికి పిలిచాడు.

"క్యాన్సర్. చర్మానికి వచ్చేది. మడమ నుంచి గజ్జల్లోకి పోయింది. కాలు తీసేసినా ఇప్పుడు ఆగదు."

గంగమణి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఈరవ్వ నిలబడే అడిగింది. "నా సూదితోని అచ్చిందా సారు?"

"సూదితో వచ్చింది కాదమ్మా. మచ్చతోనే మొదలై ఉంటుంది. మొదటి ఏడాది తెచ్చి ఉంటే మచ్చ చుట్టూ కోసి పంపించేవాళ్లం. నడుచుకుంటూ ఇంటికి వెళ్లడానికి అవకాశం ఉండేది."

"మాకు ఎండ ఎక్కువైతది. ఎండకా?"

"అరికాలికి ఎండేం తగులుతుంది? మనలాంటి నల్లటి ఒంటికి ఇది రాదనుకుంటాం. అరుదే, కానీ వస్తుంది. వచ్చినప్పుడు అరికాళ్లకు, అరచేతులకు, గోళ్ల కింద వస్తుంది. ఎవరూ చూడని చోట."

ఎవరూ చూడని చోట. ఆమె రెండేళ్లకు పైగా దాన్ని చూస్తూనే ఉంది.

సిద్దిరాములు 1965లో, నాట్లు పడుతుండగా ఇంట్లోనే పోయాడు. చివరి రెండు నెలలు దుప్పటి బరువుకు కూడా ఓర్చుకోలేదు. మూడోనాడు చుట్టాలంతా ఉండగా గంగమణి అన్నది, "నీ సూదే తిన్నది నా మొగన్ని." అది సూదితో వచ్చింది కాదని డాక్టరు చెప్పడం గంగమణీ విన్నదని ఈరవ్వకు తెలుసు. ఆ తర్వాత ఇద్దరి మధ్య మాటల్లేవు. ఒకరు వాకిట్లోకి వస్తే ఇంకొకరు లోపలికి పోయేవారు.

చిమ్టా ఆరు నెలలు మేకుకు వేలాడింది. కానీ చెరుకు మొదళ్లు ఎవరి కోసమూ ఆగవు, జనం మళ్లీ వచ్చారు. ఈరవ్వ మళ్లీ కూర్చుంది. పద్ధతే మారింది. ముల్లు ఒక కాలిలో ఉంటే రెండు కాళ్లూ చూపించమనేది. వేళ్ల సందులు, గోళ్లు, అరచేతులు తిప్పి తిప్పి చూసేది. నొప్పి లేని నల్లమచ్చ కనబడితే సూది ముట్టేది కాదు. "దవాఖానకు పో" అనేది. అమాస నాడు ఎడ్లను కట్టరు గనుక, ముల్లు లేకున్నా ఆ రోజు వచ్చి కాళ్లు చూపించుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"ముల్లు తియ్యమని అచ్చిన ఈరవ్వా, పెండ్లిసూపులకు గాదు," అన్నాడు నర్సింలు, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"నిన్నెవలు సేసుకుంటరుగని, ఆ చెయ్యి గిటు తే."

రెండేళ్లలో ఐదుగురిని దవాఖానకు పంపింది. ముగ్గురివి పుట్టుమచ్చలు. ఒకతనిది చెరుకు మొదలు గుచ్చుకుని గడ్డకట్టిన రక్తం. ఐదో మనిషి పోచంపాడ్ డ్యామ్ పనికి పోయాడు, చూపించుకున్నాడో లేదో తెలియదు. ఈరవ్వకు చేతివాసి పోయింది, ఇప్పుడు ఆమెకు ముల్లు కూడా పుండులాగే కనబడుతుందని ఊళ్లో అనుకున్నారు. బండ మీద మనుషులు తగ్గారు. అమాస నాడు ఒక్కోసారి ఎవరూ వచ్చేవారు కాదు. అయినా ఆమె నీళ్లు కాచి పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చునేది.

1967లో, కోతలు మొదలైన నెలలో అమాస నాడు, గంగమణి తన గడప దిగి వచ్చి ఆ బండ మీద కూర్చుంది. కాలు చాపలేదు.

ఈరవ్వే మొదలుపెట్టింది. "మార్కండేయ దవాఖానకు పొమ్మన్నడు. నేనిన్న. నా పేరు పోతదని సెప్పలే."

గంగమణి వీధి వైపు చూస్తూ ఉంది. "నేను గుడ ఇన్న. గడప కాడనే ఉన్న గద. ఆయన గుడ ఇన్నడు. తెల్లారి అడిగిండు, పోదామానే అని. బండి కట్టే దినాలు, కోతలైనంక పోదాం అన్న."

ఈరవ్వ ముంతలో చెయ్యి పెట్టి నీళ్లు చూసింది. చల్లారిపోయాయి. లేచి లోపలికి పోయి మళ్లీ వేడి చేసి తెచ్చింది. అంతసేపూ గంగమణి కదలలేదు. ఈరవ్వ కింద కూర్చోగానే కుడికాలు చాపింది.

ఈరవ్వ కడిగింది. మడమ, కాలి నడిమి వంపు, ఒక్కొక్క వేలి సందు, ఒక్కొక్క గోరు చూసింది. "ఏం లేదు" అన్న మాట నోటిదాకా వచ్చింది. అనలేదు.

"ఇయ్యాల్టికైతే కనవడ్తలేదు. మల్ల అమాసకు రా."

గంగమణి ఆ కాలు వెనక్కి తీసుకుని, రెండోది చాపింది.