గలిలయ సముద్రం లోతు

మా గుడిలో బుధవారం సాయంత్రం ప్రసంగం ముగిశాక అయ్యగారు వేదపుస్తకం మూసి, "సందేహాలున్నవారు అడగవచ్చునండీ" అనేవారు. అది మా సంఘంలో ఆచారం. ఎవరో ఒకరు లేచి ఫలానా మాటకు అర్థమేమిటని అడిగేవారు. ఆయన చెప్పేవారు. ఆమెన్ అనుకుని ఇళ్ళకు పోయేవాళ్ళం. పందొమ్మిది వందల ముప్ఫైలలో, ఏలూరులో నేను మిషను బడి పంతులుగా ఉన్న రోజుల్లో, ఒక బుధవారం నేను లేచాను.

"నాకు సందేహంగా ఉందండి."

"ఏ వచనం మీదండీ, పంతులుగారూ?"

ఏ వచనం మీదా కాదు. మా ప్రార్థన వినేవాడు ఒకడున్నాడా లేడా అన్నదే నా సందేహం. ఎన్నాళ్ళో ధైర్యం కూడగట్టుకుని చెప్పిన ఆ మాటకు మా గుడిలో ఒక్కటే అర్థం ఉందని లేచి నిలబడ్డాకగాని నాకు తెలియలేదు. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూస్తున్నారు. నోటికి వచ్చిన వచనం ఒకటి చెప్పాను. అయ్యగారు ఎంతో సంతోషంగా దాన్ని వివరించారు. బయటికి వస్తుంటే సంఘపెద్ద ఒకాయన నా భుజం తట్టి, "చదువుకున్నవారి సందేహం ఇలా ఉంటుందండీ మరి!" అన్నారు.

చదువుకున్నవాడినే. అయితే బడిలో చదివింది తక్కువ, మిగతాదంతా ఏలూరు గ్రంథాలయంలో నాకు నేనుగా చదువుకున్నది. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. నక్షత్రాల దూరాలు, భూమి పొరలు, దేశదేశాల మతాల పుట్టుపూర్వోత్తరాలు, ఏది దొరికితే అది చదివాను. మొదటిరోజు బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకండీ మీరు?" అన్నాడు. మా తాత ఎవరి పొలంలో పాలేరో, మా వాడ ఊరికి ఏ వైపున ఉండేదో చెప్పి ఉంటే ఆ గుమ్మం దాటనిచ్చేవాడో లేదో. "మిషను బడి పంతుల్నండి" అన్నాను.

"ఓహో, కిరస్తానీవారా! కూర్చోండి."

ఆ ఒక్క మాటకు కుర్చీ దొరికింది. నాకు కుర్చీ ఇప్పించిన మతం మీద నమ్మకం ఆ కుర్చీలోనే కూర్చుని పోగొట్టుకుంటూ వచ్చాను. ఇలాంటి ఇరకాటంలో పడ్డవాడు ఏం చేయాలో ఆ బీరువాల్లో ఏ పుస్తకమూ చెప్పలేదు.

అమ్మతో చెప్పి చూశాను. తాడేపల్లిగూడెం పక్క పల్లెలో కూలికి వెళ్ళడం మాన్పించి ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ పూట వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నాకు నమ్మకం పోతోందే అమ్మా."

"ఎవరి మీదరా? కోడలేం చేసింది?"

"కోడలు కాదే. దేవుడి మీద."

చేతిలో చాట కింద పెట్టింది. "ఈయన్ని వదిలేసి ఎవరి దగ్గరికి పోతావురా? మనల్ని గుమ్మం బయట నిలబెట్టినోళ్ళ దగ్గరికా?"

"ఎవరి దగ్గరికీ కాదు."

"ఎవరి దగ్గరికీ కాకపోతే ఎక్కడుంటావు? ఈ ఇల్లు మిషనుది. నీ పేరు వాళ్ళు పెట్టింది. నాచేత అక్షరాలు దిద్దించింది వాళ్ళు." మళ్ళీ చాట అందుకుని, కాస్త మెత్తగా, "ఆ లైబ్రరీకి కొన్నాళ్ళు పోమాకు. జ్వరం తగ్గినట్టు తగ్గుద్దిలే" అంది.

పోకుండా ఉండలేకపోయాను. తగ్గనూ లేదు.

ఇంతలో అయ్యగారే పిలిపించారు. "కొల్లేటి మిట్ట మీద మనవాళ్ళున్నారు. పాపం, ఒక్కరికీ చదువు రాదు. శనివారాలు మీరెళ్ళి వాక్యం చదివి, వాళ్ళ సందేహాలు తీర్చండి. మీకంటే తగినవారు మన సంఘంలో ఎవరున్నారండీ?" అన్నారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే బడీ ఉండదు, ఇల్లూ ఉండదు. "చిత్తమండి" అని వచ్చేశాను.

ఆ మిట్ట కొల్లేటికోటకు అవతల, నీళ్ళ మధ్య నాలుగు గుడిసెల చోటు. దోనెవాడు పొద్దున నన్ను దించి చేపల వేటకు వెళ్ళిపోయేవాడు. మళ్ళీ పొద్దువాలాకే రావడం. అంతవరకు ఎటు చూసినా నీళ్ళు, తుంగ, కొంగలు. వాక్యం చదవడం అయిపోయినా, చెప్పడానికి మాటలు అయిపోయినా నాకు అక్కడినుంచి కదిలే దారి లేదు.

ఒక శనివారం ప్రభువు నీళ్ళ మీద నడిచిన కథ చదివాను. ముందు కూర్చున్న ముసలాయన చెయ్యెత్తాడు.

"ఆ గలిలయ సముద్రం లోతెంతండీ?"

"ఎందుకండీ?"

"ఎండాకాలం మా కొల్లేరు మోకాళ్ళలోతుకి దిగిపోద్దండీ. అప్పుడు మేమూ నడుస్తామండీ. గేదెలూ నడుస్తాయి. దూరం నించి చూస్తే నీళ్ళ మీద నడుస్తున్నట్టే ఉంటాం, ఆయ్."

"అయితే నీ గేదెకీ బాప్తిస్మం ఇప్పించు మావా!" అని వెనకనుంచి ఒకామె అనేసరికి అందరూ గొల్లుమన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఇదే అనుమానం నాకూ ఇదివరకే వచ్చింది. గ్రంథాలయంలో భూగోళం పుస్తకాలు తిరగేసి ఆ లోతు సంగతి చూసుకున్నాను కూడా. తెలిసింది చెప్పాలి కదా.

"చాలా లోతండీ. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా మునిగిపోద్దట."

ముసలాయన ముఖం విప్పారింది. "అట్టాగైతే నడిచినాయన దేవుడేనండీ!" అన్నాడు. నడిచాడా లేదా అన్నది అతని సందేహమే కాదు. అతనికి కావలసింది లోతొక్కటే. నా చదువు అతని నమ్మకాన్ని గట్టిపరిచింది. నా సందేహం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

గేదె మాట అన్న ఆమె నన్నే చూస్తోంది. నడివయసు మనిషి, పోయిన వరదలో గుడిసె పోగొట్టుకుని కొత్తగా వేసుకుంది.

"మరి తమరు నమ్ముతారాండీ, పంతులుగారూ?"

"లోతు సంగతి నమ్ముతానండి."

"నడిచిన సంగతో?"

నీళ్ళ వైపు చూశాను. దోనె జాడ లేదు. ఇక్కడ అడుగుతున్నది వచనానికి అర్థం కాదు, నన్ను. ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు.

"లేదండి. ఒకప్పుడు నమ్మేవాణ్ణి. ఇప్పుడు నావల్ల కావడం లేదు. ప్రార్థన చేస్తుంటే గోడకు చెప్పుకున్నట్టుంటోంది."

ముసలాయన ముందుకు వంగి, "అయ్యగారికి తెలుసాండీ?" అన్నాడు.

"తెలియదండి. తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు."

"అప్పుడు తమరిక్కడికి రారు."

"రానండి."

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. ఆ మాట కోసం ఆశగా ఎదురుచూశాను కూడా. ఆమె కొంగు సర్దుకుని, "తమరు నమ్మకపోతే మానండి. చదవడం మాత్రం మానబాకండి. నమ్మే పని మేం చూసుకుంటాం" అంది.

"అది మోసం అవుతుందండి."

"ఎవరికండీ? తమరు మాకు చెప్పేశారు కదా."

వేదపుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఆపిన చోటునుంచి మళ్ళీ చదివాను. వాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. పొద్దువాలి దోనె వచ్చేదాకా చదివాను.

తరువాత వారమంతా అయ్యగారి నుంచి పిలుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నేనన్న మాట ఆ మిట్ట దాటలేదు. వాళ్ళలో ఒక్కరు నోరు జారి ఉంటే, బజారున పడినా సరే, నాకు విడుదల దొరికేది. నాకై నేను వెళ్ళి చెబుదామంటే, దాచిపెట్టినందుకు వాళ్ళూ దోషులవుతారు. శనివారం శనివారం దోనె ఎక్కుతూనే ఉన్నాను. నేను దిగేసరికి వాళ్ళు చాప పరిచి, తాగడానికి మంచినీళ్ళు పెట్టి ఉంచేవారు.