బధిరుల బడి ముందు మైకు

ఈ సంగతి మండలాఫీసులో ఎన్నిసార్లు చెప్పినా కూర్చోమన్నవారు కూడా లేరు. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

మా అమ్మాయికి వినపడదు. రాజోలు దగ్గర ఏటిగట్టు కింద ఉన్న పాత బధిరుల పాఠశాల హాస్టల్లో ఉండి చదువుతోంది. మొన్నటి వరదల్లో ఒక ఆదివారం, గట్టు తెగేలా ఉందని తెలిసి బండి మీద పరుగెత్తాను. గేటు ముందు ఆటోలోంచి మైకు "వెంటనే ఖాళీ చేయండి" అని అరుస్తోంది. వరండాలోకి నీళ్లు వచ్చేశాయి. మూడు మెట్ల పైనున్న హాలు తలుపులు వానజల్లుకి గడియపెట్టి ఉన్నాయి. కిటికీ అద్దంలోంచి చూస్తే, పిల్లలంతా ప్రార్థన చేయిస్తున్న వార్డెనమ్మ చేతులవైపే చూస్తున్నారు. ఆవిడకీ వినపడదు. తలుపు బాదాను. పాప పేరు పెట్టి గొంతు పోయేలా అరిచాను. ఒక్క తలా తిరగలేదు.

ఆ బడిలో గంటకు బదులు హాల్లో లైటు ఆర్పి వెలిగిస్తారు. దాని స్విచ్ వరండాలోనే ఉంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తడిచేత్తోనే నొక్కాను. అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. అందరం క్షేమంగా బయటపడ్డాక మా పాప "నాన్నా, ఏడుస్తావేంటి?" అని చేతులతో కోప్పడింది.

ఆఫీసులో అడిగితే, "మైకులో చెప్పేం కదండీ, ఊరంతా వచ్చేసేరు" అన్నారు.

అయ్యా, ఈసారి వరదొస్తే లోపలికెళ్లి ఆ పిల్లల కళ్లముందు నిలబడి చెప్పే మనిషెవరు? పేరు చెప్పండి.