దూలం కింద సాక్ష్యం

మా అత్తవారిది రాజోలు దగ్గర పాత పెంకుటిల్లు. ఇంట్లో ప్రార్థన కూడికకు చోటు చాలడం లేదని నిరుడు మావయ్యగారు నడిమి గోడ తీయించబోయారు. ఇంటి దూలం ఆ గోడ మీదే ఆని ఉంది.

“ముందు దూలం కింద ఆసరాగా సరుగుడు బాదులు నిలబెట్టించండి మావయ్యగారూ,” అన్నాను.

“ప్రార్థన చేసుకునే మొదలెట్టేం కదమ్మా. నీకు విశ్వాసం తక్కువ,” అన్నారాయన.

గోడ సగం పడగొట్టేసరికి దూలం ఫెళ్లున విరిగింది. పనివాళ్లకు టీ ఇస్తున్న నా మీద పెంకులు కూలి చెయ్యి విరిగింది.

ఆ వారం కూడికలో మావయ్యగారు లేచి సాక్ష్యం చెప్పారు. “దేవుడు మా కోడలి ప్రాణం కాపాడేడండీ!” అందరూ “స్తోత్రం” అన్నారు. చేతికి కట్టుతో నేనూ అన్నాను.

మర్నాడు మిగతా గోడ తీసేముందు సరుగుడు బాదులు పెట్టించారు. ఆ ఆలోచన ప్రార్థనలో దేవుడే ఆయనకు ఇచ్చాడట!

చెయ్యి అతుక్కుంది. ఆ మాట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది.