కప్పు ఎవరిదో తేలిపోయాక

ఐర్లండులో మేముండే శాండీఫోర్డ్ ఆఫీసుల్లోకి మనవాళ్ళు వారానికో కొత్త బ్యాచ్ దిగుతున్న రోజులవి. సీజన్ చివరి శుక్రవారం సాయంత్రం టీవీలో మా ఆయన అభిమాన జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్. కప్పు వాళ్ళదేనని అంతకు ముందే తేలిపోయింది. అయినా మంచి టైమంతా వాళ్ళకే ఇచ్చారు. ఓడిపోతే కింది లీగుకు పడిపోయే జట్టు ఆట మాత్రం ఏ చానెల్లోనూ లేదు. అది మా ఎదుటి ఫ్లాట్ ఐరిష్ పెద్దాయన సొంత ఊరి జట్టు.

"తాళి కట్టేశాక ఇంక భోజనాలు కూడా లైవ్ ఇస్తారేంటండీ?" అన్నాను.

"చాంపియన్లు చాంపియన్లే," అన్నాడు మా ఆయన, రిమోట్ ఒళ్ళో దాచుకుని.

అప్పుడే పెద్దాయన జట్టు స్కార్ఫు మెడకు చుట్టుకుని బస్సుకు బయల్దేరాడు. గుమ్మంలో కనబడితే, ఎక్కడికని ఇంగ్లీషులో పలకరించాను. మా అత్తగారికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. వెంటనే తెలుగులో అందుకుంది.

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతావేంటమ్మా! అన్నయ్యగారూ, రండి, కాస్త కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి!"

అలా అడిగితే వెళ్ళే పని చెడుతుందని, కూర్చుని లేస్తే దోషం పోతుందని ఆయనకు వివరించే ఖర్మ నాకు పట్టింది. ఆయన నవ్వలేదు. "మా ఊళ్ళో షాపులు పోయాయి, పోస్టాఫీసు పోయింది. మిగిలింది ఈ జట్టే. ఇవాళ నేను ఏ రిస్కూ తీసుకోను," అంటూ బుద్ధిగా కూర్చున్నాడు.

మంచినీళ్ళ వెనకే పెసరట్టు వచ్చింది. రెండో పెసరట్టు తినేసరికి బస్సు వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పర్లేదులే అన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అంటూ ఫోనులో రేడియో కామెంటరీ పెట్టాడు.

టీవీ గొంతు నొక్కేశాం. డ్రా అయినా చాలు, గండం గట్టెక్కుతుంది. ఆయన ఊరి జట్టు ముందు గోల్ కొట్టింది. చేతులు కడుక్కుందామని ఆయన ఇలా లేచాడో లేదో, అవతలివాళ్ళు సమం చేసేశారు. ఇంక మా అత్తగారు ఆయన్ని కదలనిస్తేనా! టిష్యూలు కూడా కుర్చీ దగ్గరికే తెచ్చిచ్చింది. మా ఆయన కాసేపు టీవీ చూశాడు, కాసేపు మమ్మల్ని చూశాడు, చివరికి ఫోను దగ్గరికి జరిగాడు.

ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్ళు ఊపిరాడనివ్వలేదు. విజిల్ మోగగానే ముందు ఎగిరి గంతేసింది మా ఆయనే.

"నిలబడ్డాం," అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీసి, మా అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. మా అత్తగారు ఆయన వీపు నిమురుతూ తనూ ఏడ్చేసింది.

టీవీలో రంగు కాగితాలు ఎగురుతున్నాయి. కప్పు ఎత్తడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.