మొదటి బుట్ట

ముందు మూలుగు వినిపించింది. నూతి అడుగున నీళ్లు మెల్లగా కదిలినట్టు, కడుపు నిండినవాళ్లు తీసే మూలుగు. గొరిల్లా అనుకున్నాను. నడవా మలుపు తిరిగితే, ముక్కాలిపీట మీద కూర్చుని ఆ మూలుగు తీస్తున్నది ఒక మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ జూలో గొరిల్లాలకు తిండి పెడుతున్నాడు. అందరికీ బాబాయ్.

"ఏం భయం లేదు, అంతా బాగుంది అని చెప్పడం ఇది. ఇంట్లో కూడా కూర బాగుంటే ఇంతే. 'మనిషినే కట్టుకున్నాననుకున్నానే!' అంటుంది మీ పిన్ని."

చెప్పాడే గాని నవ్వలేదు. అద్దం అవతల, విడిగా ఉన్న గదిలో, బాబాయ్ పెద్దాయన అని పిలిచే ముసలి మగ గొరిల్లా ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. వీపంతా వెన్నెల రంగు. కళ్లు తెరిచే ఉన్నాయి. పొద్దున పెట్టిన ఆకులు పెట్టినచోటే వాడిపోయాయి. తిండి ముట్టి నాలుగు రోజులైంది.

ఆ గుంపులో మొదటి బుట్ట ఎప్పుడూ పెద్దాయనదే. ఆయన తీసుకున్నాకే ఆడవాళ్లు, పిల్లలు. పోయిన నెల ఆయనకు పంటినొప్పి. ఒక పొద్దున లేచి రాలేదు. ఎదిగిన కొడుకు తిండి అందించే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ముసలాయన్ని లేపడమెందుకు, కాసేపు పడుకోనీ అనుకుని, బాబాయ్ ఆ బుట్ట కొడుక్కి అందించాడు.

ఆడవాళ్లు చూశారు.

మర్నాడు వాళ్లు వెళ్లి కొడుకు వెనక కూర్చున్నారు. మూడోనాడు కొడుకు రెండు కాళ్ల మీద లేచి గుండెలు బాదుకున్నాడు. మనం బాదుకునేది ఏడుపుకి, వాళ్లు బాదుకునేది ఏలుబడికి. తండ్రి కాసేపు నిలబడి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. వాళ్లలో ఓడిపోవడమంటే అంతే. రక్తం చుక్క రాలలేదు.

మందు సూది పట్టుకొచ్చిన డాక్టరమ్మ, "ఎప్పటికైనా జరిగేదే బాబాయ్. వయసైపోయింది కదా," అంది.

"జరిగేదేనమ్మా. నా చేత్తోనే జరగాలా?"

మళ్లీ ఆ మూలుగు తీసి, ఊపిరి బిగబట్టి చూశాడు. పెద్దాయన కదల్లేదు. గోడ అవతల నుంచి జవాబొచ్చింది, నిండుగా, తృప్తిగా. కొడుకు గొంతు. బాబాయ్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను బయల్దేరాను. బయటికి దారి ఆ అద్దం ముందు నుంచే. బాబాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన కళ్లలోకి చూడకండి బాబూ, వాళ్లలో అది సవాలు చేసినట్టు. తల వంచుకుని నెమ్మదిగా వెళ్లండి. మీకైనా ఇంకా తానే పెద్ద అనుకోనివ్వండి."